కథల దేవతలు – కొలువు దేవతలు

రెండువేల యేండ్లనాటి రోమను నాణెములు మన తెలుగు నేలపై పలుతావుల బయల్పడినవి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లెలో దొరకిన వెండి నాణెముల నిధి యొక్కటియే పదునైదు వందలకు పైబడినది. వానిలో పెక్కు అగస్టస్, టిబీరియస్ చక్రవర్తుల ముద్రలు గలవి. ఆనాడు పడమటి నావలు మన దేశమునుండి మిరియములు, ముత్యములు, సన్నని నూలుబట్టలు కొనిపోయి, వెలగా వెండి బంగారములను విడిచిపోవుచుండెడివి. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన ‘పెరిప్లస్’ అను నావికుని గ్రంథము కృష్ణాతీర ప్రాంతమును ‘మసాలియా’ యను పేర పేర్కొని, అచ్చట సన్నని వస్త్రములు విస్తారముగా నేయుదురని చెప్పుచున్నది.

దక్షిణ భారతమున విరివిగా దొరకు రోమను వెండి నాణెములు ముఖ్యముగా రెండు రకములు. టిబీరియస్ నాణెమునకు ఒకప్రక్క చక్రవర్తి ముఖము. రెండవప్రక్క పీఠముపై కూర్చున్న స్త్రీమూర్తి, ఆమె చేతులలో ఒక దండము, ఒక కొమ్మ. ఆ మూర్తి కిరువైపుల నున్న లాటిను అక్షరములకు ‘ప్రధానార్చకుడు’ అని యర్థము. అగస్టస్ నాణెముపై ఆతని దత్తపుత్రు లిద్దరు డాళ్ళతో, ఈటెలతో నిలిచియుందురు. వారి నడుమ, పైభాగమున, పూజలో వాడు గరిటె యొకటి, శకునములు చూచు పురోహితుని వంకర కర్ర యొకటి చిత్రింపబడి యుండును. మధ్యధరా సముద్రము చుట్టునున్న దేశముల నెల్ల ఏలిన చక్రవర్తి, తాను సేనానినని చాటుకొనుటతో తృప్తినొందక, అర్చకుడనని ఏల చెప్పుకొనెను? వర్తకమునకు పోవు నాణెముపై పూజాగరిటె ఏల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో గ్రీకు దేవతలకును రోమను దేవతలకును గల అసలు భేదము తెలియవచ్చును.

పాఠ్యపుస్తకములలో మనము చదువుకొనినది ఒక పట్టిక. గ్రీకుల జ్యూసే రోమనుల జూపిటర్, హీరాయే జూనో, అథీనాయే మినర్వా, పొసైడనే నెప్ట్యూన్, ఏరీజే మార్స్, హెర్మీసే మెర్క్యురీ. ఈ పట్టిక తప్పని చెప్పరాదు. క్రీ. పూ. 217లో హానిబాల్ ట్రాసిమెను సరస్సుకడ రోమను సేనను రూపుమాపినపుడు, రోమనులే భయార్తులై పన్నిద్దరు దేవతలను గ్రీకు పద్ధతిని జంటలుగా పాన్పులపై నుంచి విందు చేసిరి. జ్యూస్, జూపిటర్ అను పేర్లు రెండును మన ఋగ్వేదములోని ‘ద్యౌష్పిత’కు తోబుట్టువులని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. ఆకాశమును తండ్రీ యని పిలిచిన ప్రాచీన భాష యొకటి ఈ మూటికిని మూలము.

చుట్టరికము ఇంత దగ్గరిదైనను, బ్రతుకుతీరు వేరు. గ్రీకు దేవత ప్రధానముగా కథలో జీవించెను. రోమను దేవత కొలువులో జీవించెను. మన భాషలో ‘కొలుచు’ అనగా పూజించుట. ‘కొలువు’ అనగా ఉద్యోగమును అగును. రోమను మతమును గూర్చి చెప్పుటకు ఇంతకంటె తగిన మాట దొరకుట కష్టము.

ముందుగా గ్రీకుల సంగతి. హోమరు, హీసియడ్ అను ఇద్దరు కవులే గ్రీకులకు దేవతల వంశావళిని చెప్పి, వారికి పేర్లను, రూపములను, అధికారములను పంచియిచ్చిరని క్రీ. పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరోడోటస్ వ్రాసియున్నాడు. అనగా గ్రీకుల దేవలోకమునకు రాజ్యాంగమును వ్రాసినవారు కవులు. ఆ లోకము ఒక పెద్ద యుమ్మడి కుటుంబము. తండ్రియైన క్రోనసును పడద్రోసిన పిదప అన్నదమ్ములు మువ్వురు చీట్లు వేసికొని ఆస్తి పంచుకొనిరి. జ్యూసునకు ఆకాశము, పొసైడనునకు సముద్రము, హేడీసునకు పాతాళము వచ్చినవి; భూమియు, ఒలింపస్ పర్వతమును ఉమ్మడిగా నుండిపోయినవి. ఉమ్మడి సొత్తు ఉన్నచోట తగవు తప్పదు గదా! భూమిపై జరుగు ప్రతి యుద్ధమునను ఆ దేవతలు చెరియొక పక్షము వహించి కలహించుటయే ‘ఇలియడ్’ కథకు ప్రాణము.

ఆ కుటుంబమున ఎవరి పాత్ర వారిది. జ్యూసు పిడుగును ధరించువాడు, అతిథులకును శరణార్థులకును రక్షకుడు. ఆయన భార్య హీరా వివాహధర్మమునకు దేవత. విచిత్రమేమనగా, దాంపత్యమున ఆమె పడినన్ని పాట్లు మరి యెవ్వరును పడలేదు. అథీనా బుద్ధికిని, చేతిపనులకును, వివేకముతో నడపు యుద్ధమునకును అధిదేవత. ఏథెన్సు నగరముకొరకు పొసైడనుతో పోటీపడి, ఆయన ఉప్పునీటి ఊటను చూపగా, ఆమె ఒలీవ చెట్టును మొలిపించి గెలిచెనని కథ. అపోలో సంగీతమునకు, వైద్యమునకు, భవిష్యద్వాణికి ప్రభువు. డెల్ఫీ క్షేత్రమున ఆయన మాట వినకుండ గ్రీకు నగరములు వలస పంపుటకైనను సందేహించెడివి. ఆయన కవల సోదరి ఆర్టెమిస్ వేటకును అడవులకును దేవత. హెర్మీసు దూత, బాటసారులకును వర్తకులకును, కడకు దొంగలకును దిక్కు. కుంటివాడైన హెఫీస్టస్ కమ్మరి. ఆతని భార్య సౌందర్యదేవత ఆఫ్రొడైటీ. పైరులకు తల్లి డిమీటర్. ద్రాక్షసారాయమునకు అధిపతి డయొనైసస్. ఆయన ఉత్సవములలోనే ఏథెన్సున ఎస్కిలస్, సోఫోక్లీస్, యురిపిడీస్ తమ విషాదనాటకములతో పోటీపడిరి.

ఇట్టి కథలను గ్రీకులలోనే కొందరు సహింపలేదు. దొంగతనము, వ్యభిచారము, వంచన – మానవులలో నింద్యమైన పనులనెల్ల హోమరు దేవతలకు అంటగట్టెనని జెనోఫనీస్ అను తత్త్వవేత్త క్రీ. పూ. 6వ శతాబ్దముననే ఆక్షేపించెను. అయినను కథలు నిలిచినవి. దేవతలను గూర్చి కవి ఏమి చెప్పినను నగరము సాధారణముగ సహించెను. పూజను తిరస్కరించినచో మాత్రము సహింపలేదు. క్రీ. పూ. 399లో సోక్రటీసుపై మోపిన నేరములలో, నగరము అంగీకరించిన దేవతలను ఆతడు అంగీకరించుట లేదనునది యొకటి. కావున గ్రీసులో దేవతలకు రాజ్యముతో పనిలేదనుకొనుట పొరపాటు. ఏథెన్సు పాలకులు అథీనా విగ్రహముపైని బంగారమును సైతము ఖజానా లెక్కలో చేర్చిరి. క్రీ. పూ. 431లో స్పార్టాతో యుద్ధము వచ్చినపుడు పెరిక్లీసు నగరపు వనరులను లెక్కచెప్పుచు, ఆ విగ్రహముపై 40 టాలెంట్ల మేలిమి బంగారము కలదనియు, అవసరమైనచో తీసి వాడుకొని పిదప తిరిగి చెల్లింపవలసి యుండుననియు ప్రజలకు విన్నవించెను. ఒక టాలెంటు సుమారు 26 కిలోల బరువు. దేవి యిచ్చినది అప్పు; కాన్క కాదు.

గ్రీసులో అక్కడక్కడ కనిపించిన ఈ పద్ధతి రోమునందు సర్వత్ర వ్యాపించెను. మొదటి 170 సంవత్సరములు రోమనులు విగ్రహములు లేకయే దేవతలను పూజించిరని వారి పండితుడు వారో చెప్పెను. వారికి కావలసినది దేవత రూపము కాదు, పని. ఆ పనుల విభజన ఎంత సూక్ష్మమైనదో యొక్క ఉదాహరణము చాలును. ఇంటి వాకిటికి వారు మువ్వురు దేవతలను నియమించిరి: తలుపు రెక్కలకు ఫోర్కులస్, బందులకు కార్డియా, గడపకు లిమెంటినస్. మనుష్యుల ఇంటికి ఒక్క ద్వారపాలకుడు చాలునుగదా, ఇచ్చట దేవతలు మువ్వురు కావలసివచ్చిరేమని క్రైస్తవాచార్యుడు సెయింట్ అగస్టీను పిమ్మటికాలమున పరిహసించెను. మన కార్యాలయములలో ఒక కాగితము ఎన్ని బల్లలు దాటునో ఎరిగినవారికి ఇది అంత వింతగా తోచకపోవచ్చును.

పెద్ద దేవతలకు అప్పగింపబడిన శాఖలును అట్టివే. ప్రభుత్వపు ఖజానా శాటర్న్ దేవాలయమున నుండెడిది. సెనేటు తీర్మానముల ప్రతులు సామాన్యప్రజల పక్షము వహించిన సీరీస్ దేవాలయమున భద్రపరచుటకు క్రీ. పూ. 449లో ఏర్పాటయ్యెనని లివీ వ్రాసెను. అధికారులు వానిని మరుగుపరచకుండుటకును, మార్చకుండుటకును ఈ జాగ్రత్త. టంకశాల జూనో మొనేటా దేవాలయమును ఆనుకొని యుండెను. ‘మనీ’ అను మాటయు, ‘మింట్’ అను మాటయు ఆ మొనేటా నుండియే పుట్టినవి.

పట్టికలో సమానమని చెప్పిన దేవతలు ఈ కొలువులో ఎంత భిన్నులైరో చూడుడు. ఏరీజును గ్రీకులు ప్రేమింపలేదు. ‘ఇలియడ్’లో ఆతడు ఒక మానవుని ఈటెచే గాయపడి, కేకలు వేయుచు తండ్రికడకు పోగా, తండ్రి జ్యూసే ఆతనిని అసహ్యించుకొనును. రోమనుల మార్సు అట్టివాడు కాడు. రోము స్థాపకుడు రోములస్‌కు ఆయనయే తండ్రి. రైతు తన పొలము చుట్టును పంది, గొఱ్ఱె, ఎద్దులను త్రిప్పి బలియిచ్చి, పైరులను, పశువులను, పిల్లలను కాపాడుమని ప్రార్థింపవలసినది మార్సునే యని కేటో తన వ్యవసాయ గ్రంథమున విధించెను. గ్రీకులలో పొయ్యి దేవతయైన హెస్టియాకు చెప్పుకొనదగిన కథ లేదు. రోములో ఆమెయే వెస్టాయై, రాజ్యమునకు పొయ్యి యయ్యెను. ఆ యగ్నిని ఆరు మంది కన్యలు కాపాడవలెను. ఆరు మొదలు పది సంవత్సరముల వయసున ఎన్నికయై, ముప్పది సంవత్సరములు సేవచేయవలెను: పది నేర్చుకొనుటకు, పది నిర్వహించుటకు, పది నేర్పుటకు. పిదప కావలెనన్న వివాహమాడవచ్చును. రోమను ప్రముఖులు తమ వీలునామాలను వారికడనే దాచెడివారు. కాని వ్రతము తప్పినదని తేలినచో ఆ కన్యను సజీవముగా పూడ్చిపెట్టెడివారు. కొలువులో గౌరవమెంతయో, శిక్షయు అంత.

క్రొత్త దేవతలను చేర్చుకొనుటయు సెనేటు నిర్ణయముపైననే జరిగెడిది. క్రీ. పూ. 396లో వేయి నగరమును ముట్టడించిన కమిల్లస్, ఆ నగరమును కాచుచున్న జూనోను రోమునకు రమ్మనియు, ఆమెకు తగిన దేవాలయము కట్టింతుననియు వేడుకొని, గెలిచిన పిదప ఆ మాట చెల్లించెను. క్రీ. పూ. 293లో మహామారి చెలరేగగా, గ్రీసులోని ఎపిడారస్ నుండి వైద్యదేవుడు ఈస్క్యులేపియసును సర్పరూపమున తెప్పించి, 291లో టైబరు నది నడుమనున్న ద్వీపమున ప్రతిష్ఠించిరి. ఆ ద్వీపముపై నేటికిని ఆసుపత్రి కలదు. హానిబాల్ ఇంకను ఇటలీని విడువని దినములలో, క్రీ. పూ. 204లో, ఆసియామైనరు నుండి మహామాత సిబెలీని నల్లని శిలారూపమున తీసికొనివచ్చిరి. దేవిని ఆదరించిరి గాని, ఆమెకై తమ్ము తాము ఖండించుకొను అర్చకులలో రోమను పౌరుడు చేరరాదని కట్టడి చేసిరి.

అనుమతి లేక వచ్చిన దేవునికి మాత్రము రోము ఎంత కఠినముగా నుండెనో క్రీ. పూ. 186లో తెలిసినది. డయొనైసస్ పూజ బాకస్ పేరుతో రహస్యముగా ఇటలీ అంతట ప్రాకెను. ఏడువేలమందికి పైగా స్త్రీపురుషులు అందు చిక్కుకొనిరనియు, వారిలో చెరపాలైన వారికంటె మరణశిక్ష పొందినవారే యెక్కువయనియు లివీ వ్రాసెను. ఆనాటి సెనేటు తీర్మానము చెక్కిన కంచురేకు 1640లో దక్షిణ ఇటలీలోని తిరియోలోలో దొరకినది. ఇప్పుడు వియన్నా మ్యూజియమున నున్నది. అందలి షరతులను చదివినచో ఏ ప్రభుత్వోద్యోగికైనను పరిచితమైన గొంతు వినిపించును. ఈ పూజ చేసికొనగోరువాడు అధికారికి విన్నవించుకొనవలెను. సెనేటులో నూరుగురికి తక్కువ కాకుండ సభ్యులున్నపుడే అనుమతిపై విచారణ జరుగవలెను. పూజకు ఐదుగురికి మించి కూడరాదు: పురుషు లిద్దరు, స్త్రీలు మువ్వురు. ఉమ్మడి నిధి ఉండరాదు. అధ్యక్షుడు ఉండరాదు. ఇచ్చట నిషేధింపబడినది దేవుడు కాడు. సెనేటు ఎరుగని సంఘము.

ఇప్పుడు మన నాణెము కడకు మరలుదము. దేవతలందరును రాజ్యపు కొలువులో నున్నపుడు, అర్చకులును రాజ్యాధికారులే యగుదురు. రోములో అర్చకత్వము ప్రత్యేకవర్గమునకు చెందినది కాదు. సెనేటరులే ఆ పదవులను వహించిరి. జూలియస్ సీజరు క్రీ. పూ. 63లో విపరీతముగా అప్పులు చేసి ప్రధానార్చక పదవికి ఎన్నికయ్యెను. పంచాంగము అర్చకుల యధీనమున నుండుటచే, దానిని దిద్దు బాధ్యతయు ఆతనిదే యయ్యెను. తప్పిన లెక్కను సరిచేయుటకు క్రీ. పూ. 46వ సంవత్సరమును 445 దినములకు పొడిగించి, మరుసటియేట నూతన పంచాంగమును ప్రవేశపెట్టెను. అగస్టస్ క్రీ. పూ. 12లో ఆ పదవిని గ్రహించిన నాటినుండి అది చక్రవర్తుల సొత్తయ్యెను. అక్కెనపల్లె నాణెములను ముద్రింపించిన ప్రభువులకు గరిటెయు, వంకర కర్రయు భక్తిచిహ్నములు మాత్రమే కావు, అధికారముద్రలు.

ఇంత పకడ్బందీ యేర్పాటునకు బలహీనత యొకటి కలదు. కొలువు ఇచ్చినవాడు తీసివేయగలడు. నాలుగవ శతాబ్దమున చక్రవర్తులు క్రైస్తవులైరి. క్రీ. శ. 382లో గ్రేషియన్ చక్రవర్తి వెస్టా కన్యలకును, ప్రాచీన అర్చకులకును ఇచ్చుచున్న ధనసహాయమును ఆపివేసెను. అగస్టస్ కాలమునుండి సెనేటు భవనమున నున్న విజయదేవత బలిపీఠమును తొలగించెను. 384లో రోము నగరాధికారి సిమ్మాకస్ బాలుడైన చక్రవర్తి రెండవ వాలెంటీనియనునకు ఒక విజ్ఞప్తి పంపెను. ప్రాచీన దేవతల పక్షమున వెలువడిన కడపటి గొప్ప వాదము ఒక అధికారి తన ప్రభువునకు సమర్పించిన నివేదిక యగుట గమనింపదగినది. పరమరహస్యమును చేరుటకు ఒక్క త్రోవ చాలదనియు, పూర్వాచారమును దానిమానాన విడువుమనియు ఆతని ప్రార్థన. ప్రభుత్వ ద్రవ్యము లేనిదే పూజకు విలువ లేదనునది ఆతని లోపలి భయము. మిలాను బిషప్ ఆంబ్రోజ్ ఆ భయమునే పట్టుకొనెను. తమ మతము ధనసహాయము లేక, హింసల నడుమ పెరిగినదనియు, వేతనములు లేనిదే నిలువని వ్రతము వ్రతమే కాదనియు ఆయన బదులు పలికెను. విజ్ఞప్తి త్రోసివేయబడెను.

న్యాయము ఎవరి పక్షమున నున్నదను ప్రశ్నకు తేలికగా సమాధానము చెప్పరాదు. ఏలయన, ధనసహాయము ఆపుటతో కథ ముగియలేదు. రోమనుల ప్రతి యింటను చిన్న గూటిలో లేర్స్, పినేటీస్ అను గృహదేవతలుండిరి. వారికి ఖజానాతో పనిలేదు. గృహిణి యుంచు పూలదండ, పిడికెడు సాంబ్రాణి చాలును. క్రీ. శ. 392 నవంబరు 8వ తేదీన థియొడోసియస్ చక్రవర్తి ఇచ్చిన శాసనము ఆ గూటిని కూడ విడువలేదు. ఇంటిలో రహస్యముగానైనను దీపము వెలిగించుట, సాంబ్రాణి వేయుట, దండలు వ్రేలాడదీయుట నేరములుగా ప్రకటించెను. ఆరు శతాబ్దములకు పూర్వము బాకస్ భక్తులకు ఐదుగురి పరిమితి పెట్టిన రాజ్యమే, ఇప్పుడు ఒక్కరిని కూడ ఒంటరిగా పూజింపనీయలేదు. ఏ చేతికి దేవతల నియామకాధికారమును అప్పగించిరో, ఆ చేయియే తుదకు ఇంటి తలుపు తట్టెను. ఆ తలుపును కాయుటకు నియుక్తులైన దేవతలు మువ్వురును ఆనాడు ఏమియు చేయజాలకపోయిరి.

ఏమి మిగిలినది? కొలువు పోయినది, కథ మిగిలినది. హోమరును, ఓవిడును సన్న్యాసులే మఠములలో ప్రతులు వ్రాసికొని కాపాడిరి. గ్రహములకు మెర్క్యురీ, వీనస్, మార్స్, జూపిటర్, శాటర్న్ అను పేర్లు నిలిచినవి. ప్రధానార్చకుడను బిరుదు పోపుల శాసనములలో నేటికిని కనిపించును. మార్సు పేరిట నున్న మార్చి మాసాంతమున లెక్కలు ముగించుటకై మన కార్యాలయములలో రాత్రులు దీపములు వెలుగుచునే యున్నవి.

మండుచున్న ట్రాయి నగరమును విడిచిపోవుచు ఈనియస్ తన తండ్రిని భుజములపై మోసికొనిపోయెననియు, ఆ తండ్రి చేతిలో గృహదేవతల మూర్తులుండెననియు వర్జిల్ కావ్యము చెప్పుచున్నది. రోమనులు తమ పుట్టుకను తలచుకొనునపుడు శాటర్న్ ఖజానాను గాక ఈ చిన్న మూటనే తలచుకొనిరి. బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని, ట్రంకుపెట్టెలో అన్నిటికన్న అడుగున మెత్తని గుడ్డలో చుట్టిన దేవుని పటముతో ఈ నగరమునకు వచ్చి దిగిన మన కుటుంబములకు ఆ చిత్రము పరాయిది కాదు. మన సంఘములకు ప్రభుత్వపు గ్రాంటు వచ్చిన మంచిదే. రానియేడును పండుగ ఆగరాదు. మన భాషయు, మన పాటయు, మన దేవుడును ఆ మూటలో నున్నంతకాలము వానిని కొలువునుండి తీసివేయగల యుత్తరువు ఏ కార్యాలయమునుండియు వెలువడజాలదు.